పన్నెండు మీటర్లూ పలికినాయి, నాయనా

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. అయినా పనికి పోయినాను, కోప్పడద్దు.

మన చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పన్నెండు టెంపరేచర్ మీటర్లనీ ఆర్‌ఎస్-485 అనే సిగ్నల్ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపినారు. వారంగా కొన్ని స్క్రీన్ మీద కనిపించి మాయమైపోతా ఉండాయి. "మీటర్లు పాడైనాయి, అన్నీ మార్చాల" అన్నాడు కొత్త ఇంజనీరు.

"మీటర్లు బాగుండాయి సార్, వైరింగే తప్పు" అన్నాను. ఒకే డబ్బా నుంచి ఒక్కో మీటరుకు కొమ్మల్లాగా లాగినారు. అట్ల లాగితే సిగ్నల్ చివర తగిలి వెనక్కొచ్చి, తర్వాత వచ్చేదాన్ని చెడగొడతాది. ఒకదాన్నుంచి ఇంకోదానికి వరసగా పోవాల, అట్ల వెనక్కి రాకుండా రెండు చివర్లా రెసిస్టర్ పెట్టాల.

కేబుల్ పైకప్పు కింద ఉండాది. "నిచ్చెనెక్కేదానికి మొగోళ్ళెవరూ లేరా?" అన్నాడు ఇంజనీరు. నేనే ఎక్కినాను. మెలితిప్పిన వైరు జత కొత్తగా వరసలో లాగి, చివర్లలో రెసిస్టర్లు పెట్టినాను. మధ్యాహ్నానికి పన్నెండూ స్క్రీన్ మీదికొచ్చినాయి.

ఆ ఇంజనీరు మరమ్మతుల రిజిస్టర్ తీసి, పని చేసినోళ్ళ పేరు కాడ తన పేరు రాసుకోబోయినాడు. లాక్కున్నాను.

"కాంట్రాక్టు మనిషివి, నీ పేరు చెల్లదు" అన్నాడు.

"మా నాయన ఇరవై ఏండ్లు ఈడ్నే పనిచేసినాడు సార్. ఒక్క పేజీలోనూ ఆయన పేరు లేదు. నా పేరుంటాది" అన్నాను.

నీ ఇంటిపేరుతో కలిపి రాసినాను నాయనా. పెన్ను ఎంత గట్టిగా ఒత్తినానో, కింద పేజీలో కూడా అచ్చు పడింది.