విలుకత్తె చావలేదు

1973, ఏప్రిల్ 5, గురువారం

వీక్లీ వచ్చింది. ఈ వారం మొదటి వంతు మాదే, ఈయనకు నైట్ షిఫ్టు కదా. మా లైన్ ఇళ్ళన్నిటికీ కలిపి ఒకటే కాపీ. మగవాడు పగలు నిద్రపోయే ఇంట్లో ఆడది రోలు ముట్టకూడదు, గిన్నె చప్పుడు చేయకూడదు. అందుకని పుస్తకం ముందు ఆ ఇంటికి పోవాలి. పక్కింటి లక్ష్మక్క పెట్టిన పద్ధతి ఇది. ఆమె చేసినవాటిలో నాకు నచ్చింది ఇదొక్కటే.

ఒంటిపూట బడి వదలగానే రూతు వచ్చింది. పాఠాలు చెప్పిన చేతులకు ఇంకా సుద్ద. వరండాలో చాప వేశాను. నేను బియ్యం ఏరుతుంటే తను చదివింది, గొంతు తగ్గించి. సీరియల్ ఆఖరి భాగం. చలికాలం నుంచి చదువుతున్నాం — ఒక యువరాణి, ఆమెకు కాపలాగా వచ్చిన విలుకత్తె. రాక్షసుడి గుహలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచారు ఆ ఇద్దరూ. పొరుగు రాజకుమారుడితో యువరాణికి లగ్నం పెట్టేశారు పోయిన వారం. అప్పట్నుంచి నాకు అన్నం సయించలేదు.

ఎంత బాగా ముగిసింది! యువరాణి పెళ్ళిపీటల మీద నుంచి లేచి వచ్చేసింది. విలుకత్తె గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఇద్దరూ ఏరు దాటారు. కొండ అవతల ఇల్లు. "ఒకటే పొయ్యి, ఒకటే దీపం" — ఆ మాట చదివి రూతు నా వైపు చూడలేదు. నేనే చూశాను.

ఏప్రిల్ 6

ఇల్లు ఊడుస్తున్నా అదే. ఒకటే పొయ్యి... పిచ్చిదానిలా నవ్వుకుంటున్నాను.

ఏప్రిల్ 9, సోమవారం

ఒళ్ళు మండిపోతోంది.

నల్లా దగ్గర లక్ష్మక్క — "పాపం, ఆ విలుకత్తె పాణం పోయె గదనే సరోజా. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్."

"చావలేదక్కా."

"ఏంది సావకపోయేది? నేను సదువలేదా? గుండెల్లకెల్లి పోయింది బాణం!"

కాదంటే కాదని పోట్లాడాను. బిందె అక్కడే వదిలేసి, వీక్లీ ఎవరింట్లో ఉందో వెతికి పట్టుకున్నాను. వాళ్ళ గుమ్మంలో నిలబడే చదివాను.

చచ్చింది. రాజకుమారుడి మీదికి వచ్చిన బాణానికి అడ్డం పడి చచ్చింది. యువరాణి ఏడ్చింది, ఒక్క వాక్యం. తర్వాతి వాక్యంలో మేళాలు. ఇది రాసినవాడి చెయ్యి పడిపోను! ఇన్నాళ్ళూ ముద్దుగా పెంచి, చివరికి ఆ పిల్లను ఎక్కడ పెట్టాలో తోచక చంపేశాడు. చంపి, పెళ్ళి భోజనాలు వడ్డించాడు. చదివేవాళ్ళం చేతులు కడుక్కుని తినాలి కాబోలు.

మరి రూతు? కాగితం మీద కళ్ళు పెట్టి, ఎక్కడా తడబడకుండా... పేజీ కూడా తిప్పింది! అంత అబద్ధం ఆడుతుంటే నాకు తెలియనే లేదు. తన మీదా కోపం వచ్చింది. ఎక్కువసేపు నిలవలేదు.

ఏప్రిల్ 10

అడిగాను.

"నువ్వు ఏడుస్తవని," అంది. మళ్ళీ తనే — "అది కాదు. ఆమె సచ్చినట్టు నా నోటితోని చదవ బుద్ధి కాలె."

చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు. లోపల మంచం కిర్రుమంది. ఈయన సెకండు షిఫ్టుకు వెళ్ళే ముందు కునుకు తీస్తున్నాడు. వదిలేశాం.

ఏప్రిల్ 12, గురువారం

ఈయన నిద్రపోలేదు.

ముగింపు చదివిన ఆ రోజే కాదు, తను ఇంట్లో ఉన్న ఏ రోజూ. చలికాలం నుంచీ! పొద్దున కోపంలో తనే బయటపెట్టాడు. కిటికీ పక్క మంచం మీద దుప్పటి కప్పుకుని కథ విన్నాడు. చదువు రాదు కదా, చెవులు ఇటే పెట్టి పడుకున్నాడు. (రాదు కాబట్టే ఇది ఇలా రాసుకోగలుగుతున్నాను.) విన్నదంతా తీసుకెళ్ళి బొగ్గుబాయిలో చెప్పాడు. భూమి కింద, సద్ది విప్పుకునే చోట, అందరూ చుట్టూ చేరి వినేవారట. సెకండు షిఫ్టు వారాల్లో తప్పిపోయిన ముక్కలు తనే అల్లేవాడట! ఇంట్లో నాతో పప్పులో ఉప్పు గురించి తప్ప మాట ఉండదు. అక్కడ కథలు.

రూతు చదివిన ముగింపే అక్కడ చెప్పాడు. లక్ష్మక్క మొగుడు పోశం నోరెళ్ళబెట్టి విన్నాడు, ఇంటికెళ్ళి పెళ్ళాన్ని అడిగాడు, మర్నాడు అందరిలో అన్నాడు — "ఏందన్నా, మీ ఇంట్ల ఇద్దరు ఆడోళ్ళు కాపురం పెట్టిన్రట గదా!"

కథలో అనలేదు వాడు. మీ ఇంట్లో అన్నాడు. బాయి కింద నుంచి పైదాకా ఒకటే నవ్వు.

పొద్దున ఈయన లేచీ లేవగానే — "ఆ టీచరమ్మ ఇగ మనింట్ల అడుగు పెట్టద్దు."

"ఆమె చేసిన తప్పేంది?"

"పుస్తకంల లేనిది సదివింది."

"నువ్వు లేనిది చెప్పలేదా బాయిల?"

చాయ్ గ్లాసు పక్కకు నెట్టాడు, తాగకుండానే. తను అల్లితే ముచ్చట, రూతు అల్లితే తప్పు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నా తల కాదు, ఈయనది.

ఇంకేం విన్నాడు? చేటలో బియ్యం మీద మా చేతులు ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు మేం మాట్లాడకుండా కూర్చున్న రోజులున్నాయి. ఆ మాట్లాడకపోవడం కూడా విన్నాడా...

ఏప్రిల్ 13

రూతు రాలేదు. ఈయన వద్దన్నాడని ఎవరో చెప్పేసి ఉంటారు. చెప్పే పుణ్యాత్ములకు కొదవా ఈ లైన్లో.

ఏప్రిల్ 15, ఆదివారం

మట్టల ఆదివారం. చర్చి వాళ్ళు ఈత మట్టలు పట్టుకుని పాడుతూ మా రోడ్డు మీదుగానే వెళ్ళారు. రూతు చివరి వరసలో. మా ఇంటి ముందుకొచ్చేసరికి తల వంచేసింది.

కాగితంలో చచ్చినదాన్ని బతికించే ధైర్యం ఉంది. నా గుమ్మం వైపు తలెత్తే ధైర్యం లేదు! తలుపు ధడాలున వేశాను. తనకు వినబడాలనే.

ఏప్రిల్ 17

నల్లా దగ్గర మళ్ళీ లక్ష్మక్కే. "టీచరమ్మ పండుగ అయినంక నస్పూర్ పోతదట, వాళ్ళ అన్న క్వార్టర్‌కు. మంచిదే తియ్యి. ఎన్నొద్దులని నవలలు సదువుకుంట కూసుంటది?"

ఈస్టర్ ఈ ఆదివారమే.

"నీ వీక్లీ నువ్వే ఉంచుకో అక్కా. నా గుమ్మంలకు పంపకు," అన్నాను. ఆమె మొహం చూడాలి. ఏమన్నానని? చేతిలో బిందె ఉంది కాబట్టి అంతటితో ఆగాను.

నాకు రూతు కావాలి. నవలలు చదివి వినిపించడానికి కాదు. బియ్యం ఏరేటప్పుడు తోడుకీ కాదు. రూతే కావాలి. రాశాను. రాస్తే మీద పిడుగేం పడలేదు.

ఏప్రిల్ 19, గురువారం

ఈయనది ఫస్టు షిఫ్టు ఈ వారం. మధ్యాహ్నం వచ్చి స్నానం చేశాడు. కళ్ళ అంచున బొగ్గు అలాగే ఉంది. అన్నం కలుపుతూ —

"బాయిల అడుగుతున్నరు."

"ఏమని?"

"ఏరు దాటినంక ఏమైందని."

నవ్వినవాళ్ళే అడుగుతున్నారట. పోశం కూడా. వీక్లీలో ఉన్నది చెప్పబోతే — "సచ్చిన కథ ఎవనికి గావాలె? ఆ టీచరమ్మ సదివిందే చెప్పు" అన్నారట.

"నువ్వు పోయి ఆమెను అడుగరాదూ, తర్వాత ఏమైతదో," అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. కథ కావాలి వీళ్ళకు. చెప్పిన మనిషి మాత్రం గడప తొక్కకూడదు!

"నువ్వే పోయి పిలువు. ఇంటికి రమ్మను. అప్పుడు చెప్తది."

పళ్ళెంలోకి వంగి ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

ఏప్రిల్ 20

గుడ్ ఫ్రైడే. చర్చి మెట్ల మీద తెల్లచీరలో రూతును చూశాను, దూరం నుంచి. చిక్కింది. తిండి మానేసి ఏం సాధిస్తుంది?

ఏప్రిల్ 21, శనివారం

ఎల్లుండి బస్సట. ట్రంకు పెట్టె సర్దేసిందట. ఇవన్నీ ఊరందరి నోటా వినాలి నేను.

ఎండ దిగే వేళకు ఈయన వరండాలోకి వచ్చాడు. ఎప్పుడూ రూతు కూర్చునే చోటే కూర్చున్నాడు. లేవమనాలనిపించింది.

"నువ్వన్న చెప్పు అయితే. నీకు ఎర్కే గదా," అన్నాడు.

చెప్పాను. ఇన్నాళ్ళ గుసగుసలు చాలు, గొంతెత్తే చెప్పాను.

"ఆ ఇద్దరు ఒకటే ఇంట్ల ఉంటరు. ఒకరు లేకుంటె ఒకరు ఉండలేరు. గంతే. ఇంకేం కాదు."

ఆయన మొహంలోకి చూస్తూ అన్నాను. అరుస్తాడని, చెయ్యెత్తుతాడని అనుకున్నాను. ఎత్తితే ఎత్తనీ అని నిలబడ్డాను. ఆయన గోళ్ళలో మసి గీక్కుంటూ చాలాసేపు కూర్చున్నాడు.

"మరి ఆ రాజకుమారుడు?" అన్నాడు చివరికి. "పెండ్లిపీటల మీద కూసున్నోడు. ఆయన ఏడికి పోయిండు?"

రూతు చదవలేదు అది. నేను అడగలేదు. ఇన్ని రోజులుగా తిట్టడానికి ఎన్ని మాటలు దొరికాయి నాకు. దీనికి ఒక్కటీ దొరకలేదు. కోపం ఇంకా అలాగే ఉంది, కానీ ఎవరి మీద పారేయాలో తెలియలేదు.

"తెల్వది," అన్నాను.

"అడిగి రాపో," అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ. "ఇంట్లనే ఉంటది గదా ఇయ్యాల."

చెప్పులు తొడుక్కున్నాను. లోపలికి వచ్చి విప్పేశాను — పీటల మీద కూర్చున్నవాడికి ఏం జవాబు తేగలను? ఇది రాస్తున్నాను. ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు, నేను వెళ్ళేదాకా లేచేలా లేడు.