నలభై నిమిషాల తనిఖీ

శ్రీయుత ప్రాంతీయ విద్యాధికారి గారి సముఖమునకు,
దీవి మంచు ఫ్యాక్టరీ ఆపరేటరు, మూతపడిన పాఠశాల కమిటీకి ఒకప్పటి కార్యదర్శి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఇంటివద్ద చదువుకొనుచున్న నలుగురు బాలికలను వచ్చే నెల ఒకటవ తేదీన పట్నం హాస్టలుకు తరలించవలెనని తమ కార్యాలయము ఇచ్చిన నోటీసును నిలుపుదల చేయుట గురించి.

పై విషయమై మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు నోటీసులో "మూడు పర్యాయములు ఆకస్మిక తనిఖీ జరుపగా మూడు పర్యాయములును బోధన జరుగుట కానరాలేదు" అని వ్రాసియున్నారు. బోధన కానరాలేదన్నది అక్షరాలా నిజం. "ఆకస్మిక" అన్నది మాత్రం అబద్ధం. మా దీవికి ఆకస్మికంగా ఎవరూ రాలేరు. వారానికి రెండే రోజులు, మంగళవారం, శుక్రవారం, పోటునీటి మీద లాంచీ వస్తుంది. మైలు దూరం నుంచే కూత వేస్తుంది. నీరు తీయకముందే, నలభై నిమిషాల్లో తిరిగిపోతుంది.

ఆ కూత వినబడగానే చేతిలో ఏముంటే అది వదిలి ఊరంతా రేవుకు పోవాలి. మాకున్న చట్టం ఇదొక్కటే. ఎవరూ రాయలేదు, ఎవరూ తప్పలేదు. తాడు అందుకునేవాళ్లు, బస్తాలు మోసేవాళ్లు, గ్యాసు సిలిండర్లు దొర్లించేవాళ్లు. పిల్లల వంతు మందులూ ఉత్తరాలూ. మంచం దిగలేని ముసలివాళ్ల ఇళ్లకు పరుగున చేర్చి, జవాబులుంటే తిరుగు లాంచీకి అందించాలి. కనుక ఆ నలభై నిమిషాలూ చదువుండదు. లాంచీ కదలగానే మా ఇంట్లో గంట కొడతాం, నేను పాఠం మొదలుపెడతాను. తమ తనిఖీ అధికారి ఆ లాంచీలోనే వస్తారు, ఆ లాంచీలోనే పోతారు. అంటే వారు ఏనాడు వచ్చినా వారి రాకే మాకు సెలవు. నిద్రపోయేవాణ్ణి తట్టి లేపి, "ఇతడు నిద్రపోవుట లేదు" అని రాసుకుపోయినట్టుంది వ్యవహారం.

2. ఈ సంగతి వారికి మొదటి తనిఖీనాడే రేవులో నిలబడి విన్నవించుకొంటిని.

"లాంచీ వెళ్లేదాకా ఆగండి సార్. పిల్లలు వచ్చేస్తారు."

"లాంచీ వెళ్లిపోతే నేనెలా వెళ్లాలండీ? ఈదుకుంటూనా?"

"మళ్లీ శుక్రవారం వస్తుంది కదా."

"మూడు రాత్రులా? గుర్తింపు పొందిన వసతి లేనిచోట రాత్రి బస చేయకూడదు. రూలు."

పక్కనే సిలిండరు దొర్లిస్తున్న కొట్టాయన ఊరుకోలేక, "మా ఇంట్లో పడుకోండి సార్, నా గురక తప్ప ఏ లోటూ ఉండదు" అన్నాడు. వారు నవ్వలేదు. గురకకు గుర్తింపు ఉందో లేదో చూసుకుంటున్నట్టు కాగితాలు తిరగేశారు.

3. వసతి లేకపోవడమే అడ్డయితే వసతి కడదామని దీవి తీర్మానించినది. మంచు ఫ్యాక్టరీలో పాతబడిన నిల్వగది ఒకటుంది. జానెడు మందం గోడలు, మధ్యన రంపపుపొట్టు. దానికి కిటికీ కొట్టించాం. చందాలు పోగుచేశాం. దీవిలో మందులిచ్చే నర్సమ్మ తన కోళ్లను లాటరీలో పెట్టింది. పడవలవాళ్లు వారంలో ఒకరోజు వేట డబ్బు ఈ గదికని ఇచ్చేశారు. మా ఆవిడ వలలు అల్లే మనిషి. ఆ చేత్తోనే దోమతెర కుట్టింది. దాంట్లో దోమ కాదు కదా, రొయ్యపిల్ల కూడా దూరదని మావాళ్ల హాస్యం. పిల్లలు తమ వంతుగా, మందులు పంచి వచ్చాక మిగిలిన పది నిమిషాలూ రేవులో డబ్బా పట్టుకుని నిలబడ్డారు. డబ్బా మీద మా చిన్నది తన దస్తూరీతో రాసింది: "ఇన్‌స్పెక్టరు గారి మంచం కోసం."

మూడవ తనిఖీనాడు వారు ఆ డబ్బా ముందు ఆగి చదివారు. నివేదికలో రెండు వాక్యాలు చేరాయి. "బాలికలచే భిక్షాటన." దాని కిందనే, "అధికారిని ప్రలోభపెట్టు యత్నము." అయ్యా, ఒక్క డబ్బాకు రెండు నేరాలు! అడుక్కుని మరీ లంచమిచ్చే ముఠా తమ హయాంలోనే బయటపడిందన్నమాట. ఇంతకీ వారు ఆ మంచం మీద ఒక్క పూటైనా నడుం వాల్చలేదు.

4. గదికి గుర్తింపు కోరుతూ అర్జీ పెట్టుకొనగా తమ కార్యాలయము వారు సెలవిచ్చినది: "తనిఖీ అధికారి స్వయముగా ఒక రాత్రి బస చేసి నివేదిక సమర్పించిన పిదప గుర్తింపు పరిశీలించబడును. గుర్తింపు లేని వసతియందు అధికారులు బస చేయరాదు." ఈ రెండు వాక్యాలనూ మా చిన్నదానిచేత పైకి చదివించాను. తొమ్మిదేళ్ల పిల్ల. గుక్క తిప్పుకోకుండా చదివి, "నాన్నా, ఈ లెక్క తప్పు" అంది. బోధన కానరాలేదన్నారు. ఇదిగో, అదే బోధన.

5. ఇక్కడ ఒక అపార్థము తొలగించవలసియున్నది. నేను ఇంటిచదువును సమర్థించేవాణ్ణి కాను. దాని మీద ఇరవై ఏళ్లుగా కరపత్రాలు రాసి పంచిన మనిషిని. పిల్లలు అన్ని ఇళ్లవాళ్లతోనూ కలిసి చదవాలి, కలిసి కొట్టుకోవాలి, పరాయి మేష్టారిచేత చివాట్లు తినాలి. తండ్రి చెప్పే చదువులో తండ్రి పిచ్చి కూడా కలుస్తుంది. ఇది నేను అచ్చేసిన మాటే. ఇప్పుడు మా ఆవిడ ఆ కరపత్రాన్ని వంటింటి గోడకు అంటించి, నేను పలక పట్టుకున్నప్పుడల్లా దానికేసి చూస్తుంది. తమరు బడి తెరవండి, ఆ గంటలోనే నా దుకాణం మూసేస్తాను. పన్నెండు మంది ఉంటేనే బడి నడుపుతామన్నారు. బడి అంటే అద్దె జీపా, నిండితేగానీ కదలకపోవడానికి? పిల్లలు తక్కువైతే బడి తీసేస్తారు. బడి తీసేసినందుకు మేమే చదువు చెప్పుకుంటే పిల్లల్ని తీసేస్తారు. చివరికి దీవిలో మిగిలేది నేనూ, మంచూ, తమ నోటీసులూ.

6. ఆ పన్నెండు సంగతి కూడా దాచను. నాలుగేళ్ల కిందట లెక్క తీసేనాటికి బడిలో పదకొండుగురున్నారు. నర్సమ్మ కవలలకు అప్పటికి నాలుగేళ్లు. "అయిదని రాసెయ్ అన్నయ్యా, ఎవరికి నష్టం?" అందామె. కమిటీ అంతా అదే మాట. కలం నా చేతిలో ఉంది. ప్రభుత్వ రికార్డులో అబద్ధం రాయనన్నాను. పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. బడి మూతపడింది. "నీ నిజాయితీని పలక మీద రాసి గుమ్మానికి వేలాడదీసుకో" అంది మా ఆవిడ. ఇప్పుడు హాస్టలుకు పోవలసిన నలుగురెవరో నోటీసులో ఉంది: నర్సమ్మ కవలలిద్దరూ, కొట్టాయన మనవరాలు, మా చిన్నది. నర్సమ్మ నాతో మాట్లాడటం మానేసి వారమైంది. మందులివ్వవలసివస్తే చీటీ మీద రాసి ఇస్తుంది.

7. హాస్టలు సౌకర్యవంతముగా యున్నదని నోటీసులో కనబరచినారు. ఉండవచ్చు. ఆనాటి పదకొండుగురిలో మా పెద్దది ఒకతె. పదకొండేళ్లకు పంపాం, ఇప్పుడు పదిహేను. దెబ్బలు లేవు, తిండికి లోటు లేదు, మార్కులు బాగానే వస్తాయి. సెలవులకు ఇంటికొస్తుంది. కుండ దగ్గర నిలబడి, "నాన్నా, నీళ్లు తాగొచ్చా?" అని అడుగుతుంది. తన సొంత ఇంట్లో. ఎన్నిసార్లు చెప్పినా అడిగే తాగుతుంది. ఈ ఫిర్యాదు ఏ కాలమ్‌లో రాయాలో నాకు తెలియలేదు. అందువల్ల ఇక్కడ రాస్తున్నాను.

కావున, తమరు దయతో నోటీసును నిలిపివేసి, తనిఖీ అధికారిని ఒక్క మంగళవారం లాంచీ దిగి శుక్రవారం దాకా ఉండునట్లు ఆదేశించవలెననియు, పిల్లలు చదువుచుండగా చూచి, ఆపైన ఏమి వ్రాసినను శిరసావహించగలమనియు ప్రార్థన. మంచం వేసి ఉంది. దుప్పటి ఉతికి ఉంది. ఒక తండ్రి చేసిన తప్పు నలుగురు పిల్లల పద్దులో పడకుండా చూడవలెనని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(విధేయత కొత్త, అలవాటు చేసుకొనుచున్నాను)
మంచు ఫ్యాక్టరీ ఆపరేటరు

తా.క.: అర్జీ మడిచి కవరులో పెట్టబోతూ మళ్లీ విప్పాను. ఇప్పుడే మా చిన్నది కుండ దగ్గరకు వచ్చింది. చేతిలో గ్లాసు. నీళ్లు ముంచుకోలేదు.

"నాన్నా, నీళ్లు తాగొచ్చా?"

"అదేమిటే, ఎందుకడుగుతున్నావు?"

"అక్కడ అడగాలట కదా. అక్క చెప్పింది. ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నా."

నాలుగో తనిఖీ, ఆఖరుది, శుక్రవారమని నోటీసులో ఉంది. తమకు వేరే అధికారిని పంపే ఉద్దేశం లేదనీ, ఆయనకు ఆగే ఉద్దేశం లేదనీ నాకు తెలుసు. అందుకని చెబుతున్నాను. ఆ రోజు కూత వేసినప్పుడు పిల్లలెవరూ రేవుకు రారు. మందులు లాంచీలోనే ఉండిపోతాయేమో. ముసలివాళ్లకు నేను చెప్పుకుంటాను. నలుగురూ బల్ల మీద వరుసగా, పుస్తకాలు తెరిచి కూర్చుని ఉంటారు. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉంటాను. బోధన బ్రహ్మాండంగా కానవస్తుంది. నర్సమ్మకు ఈ మాట చెప్పాను. చీటీ రాయకుండా నోటితోనే, "నాలుగేళ్లు పట్టింది అన్నయ్యా నీకు" అంది.

అయ్యా, శుక్రవారం తమవారు చూడబోయేది అబద్ధం. నేను ఆడించేది. నా జీవితంలో మొదటిది. దయచేసి నమ్మండి.