అరలో బల్బు ఆర్పకు

నాన్నా,

పదకొండింటికి పాత సామాన్లు కొనే కబాడీ భయ్యా వస్తే స్టీరియో ఇవ్వకు. దాన్ని బాగుచేసుకోవచ్చు.

నిన్న రెండు స్పీకర్ల వైర్లు అటుదిటు మార్చి చూశాను. అప్పటిదాకా ఎడమ స్పీకరు ఉండుండి ఆగిపోయేది. మార్చాక కుడిది ఆగింది. అంటే స్పీకర్లు రెండూ మంచివే, తప్పు సెట్టులో ఉంది. టేపుకీ రేడియోకీ మార్చే గుండీ తిప్పగానే మళ్లీ పలికింది. ఉప్పుగాలికి ఆ గుండీ లోపల చెమ్మ పట్టింది. ప్లగ్గు పీకేసి దాన్ని అటూ ఇటూ ఓ ఇరవైసార్లు తిప్పు. సెట్టు నెత్తిన మాత్రం కొట్టకు.

బట్టల బీరువాలో బూజు పట్టకుండా పెట్టినట్టే స్టీరియో అరలోనూ చిన్న బల్బు పెట్టాను. నేను వెలిగించి వెళ్తే, "పగలు లైటెందుకే, బేకార్!" అని ఆర్పేస్తావు. పదిహేను రోజులుగా చూస్తున్నాను. నువ్వు ఆర్పిన మర్నాడే ఒక పక్క మూగబోతోంది. చెప్పి చెప్పి అలిసిపోయాను, అందుకే రాసి పెడుతున్నాను.

చేపల పులుసు వేడి చేసుకో. సిప్పీఘాట్ బస్సు వేళయింది.

పద్మిని

ఇంకో మాట. నీ పాత టేపులో పాడేవాళ్ల గొంతంతా ఎడమ పక్కే ఉంది. అది ఆగినప్పుడు వట్టి తబలా, వయొలిన్ మిగులుతాయి. అప్పుడు పాట నువ్వు అందుకుంటావు. నీకు తెలియదేమో, వంటింట్లోంచి రోజూ వింటున్నాను. సెట్టు బాగయ్యాక పాడడం మానేయకు.