ఆలస్యానికి కారణం

11 నవంబర్ 2025, మంగళవారం. సాయంత్రం 7.50

గౌరవనీయులైన సంబంధిత అధికారులకు, వారి పైఅధికారులకు, ఆ పైన కూడా ఎవరైనా ఉంటే వారికి, నాచారంలో రెండు గదుల అద్దె ఫ్లాట్‌లో నివసించు బిందుమాధవి, వయస్సు ముప్పై ఒకటి, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఏ., విన్నవించుకొనునది. ఈ విన్నపం మీకు చేరదు. ఇది నా డైరీ. అయినా ఎవరో ఒక అధికారిని సంబోధించకుండా ఈ రోజు ఒక్క వాక్యమూ ముందుకు సాగడం లేదు. పద్ధతి ప్రకారం రాస్తేనే పెన్ను కదులుతోంది.

విషయం: నా చెల్లెలు గీతిక.

ఇరవై నాలుగేళ్లు. పోచారంలో ఐటీ ఉద్యోగం. తలనొప్పిగా ఉందని ఈ మధ్యాహ్నం ఆఫీసు నుంచి పెందలాడే బయల్దేరితే, టీమ్ లీడ్ తేజేష్ నాచారంలో దింపుతానని కారు ఎక్కించుకున్నాడు. ఉప్పల్ దాటాక లోపలి రోడ్డులో, మూతపడిన ఫ్యాక్టరీ గోడ పక్కన కారు ఆపాడు. అప్పుడు మూడు గంటలు. తర్వాతి వాక్యం గీతికది. దాన్ని నేను రాయను. చట్టం దానికి పెట్టిన పేరు అత్యాచారం.

మూడున్నరకు ఫోన్ చేసింది. అక్కా, రా, అంది. ఇండస్ట్రియల్ ఏరియాలోని మా కంపెనీ నుంచి స్కూటీ మీద పది నిమిషాల దారి. గోడ చివర టైర్ల షాపు ముందు నిలబడి ఉంది. ఎక్కి కూర్చుని పోలీస్ స్టేషన్‌కు పద అంది. ఇంటికి అనలేదు. ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కనుక రాస్తున్నాను.

మొదటి స్టేషన్. గుమ్మం పక్కన పోస్టర్: నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. ఆ పోస్టర్‌కు వీపు ఆనించి నిలబడిన కానిస్టేబుల్, కారు గోడ దిక్కు ఆగిందా, డివైడర్ దిక్కు ఆగిందా అని అడిగాడు. గోడ దిక్కు అన్నాను. అయితే మాది కాదక్కా, గోడ మొత్తం వాళ్ల లిమిట్స్‌ల వస్తది, గిట్ల ముంగటికి పోయి లెఫ్ట్ తీస్కోండ్రి అన్నాడు. మలుపును చేత్తో గాలిలో గీసి చూపించాడు కూడా. నేను థాంక్స్ చెప్పాను.

రెండవ స్టేషన్. ఏఎస్ఐ బసవరాజు, రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి. ఫ్యాన్ మా వైపు తిప్పాడు. టీ తెప్పించాడు. గీతిక ముఖం చూసి ఆయన కళ్లు తడి అయ్యాయి. నా బిడ్డ గూడ గింతే ఉంటది తల్లీ అన్నాడు. ఎస్ఐ సార్ బందోబస్తుకు పోయిండు, లేడీ స్టాఫ్ ఒక్కామెనే, ఆమె గా కౌంటర్ల కూసున్నది, ఇప్పుడు రాసుడు మొదలువెడితే పిల్ల పరేషాన్ అయితది అన్నాడు. ఇంటికి తోల్కపోండ్రి, వేన్నీళ్లతోని తానం చేయించుండ్రి, ఇంత పెరుగన్నం తినవెట్టి పండవెట్టుండ్రి, పొద్దుగాల పదింటికి ఫ్రెష్‌గ రాండ్రి, సార్ ఉంటడు, అన్నీ మంచిగ రాస్తం, ఫికర్ చెయ్యకుండ్రి అన్నాడు.

అంత మర్యాద చేసిన మనిషి మాట కాదనడం ఎలాగో నాకు తెలియలేదు. గీతిక మాత్రం కుర్చీలోంచి లేవలేదు. నేనే చేయి పట్టుకుని లేపాను.

గీజర్ వేశాను. పెరుగన్నం కలిపాను. బట్టలు మెషీన్‌లో వేశాను. గీతిక బాత్‌రూమ్‌లో నలభై నిమిషాలు ఉంది. పెరుగన్నం అలాగే ఉంది.

12 నవంబర్. ఉదయం 5.30

గీతిక నిద్రపోలేదు. నేను నిద్రపోయాను.

12 నవంబర్. మధ్యాహ్నం 3.15

పదింటికి వెళ్లాం. ఎస్ఐ సుధీంద్ర యువకుడు, ఇస్త్రీ మడత చెదరని మనిషి. స్టేట్‌మెంట్ రాసుకోమని హెడ్ కానిస్టేబుల్ సారలమ్మకు అప్పగించాడు. నిన్న కౌంటర్‌లో కూర్చున్నది ఈమే.

సారలమ్మ తలుపు వేసింది. కుర్చీని టేబుల్ అవతలి నుంచి ఇవతలికి లాక్కుని గీతిక పక్కన కూర్చుంది. కారు ఎందుకు ఎక్కావని అడగలేదు. గీతిక మధ్యలో ఆగిపోతే పెన్ను కింద పెట్టి, నీకు ఎప్పుడు సాతనైతే అప్పుడే చెప్పు బిడ్డా, నాకేం పని లేదు అంది. బయట నుంచి నలుగురు ఆమెను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు. చివర మొత్తం చదివి వినిపించింది. గీతిక ఒక మాట మార్చమంటే కొట్టేసి మార్చి, పక్కన సంతకం పెట్టించింది. ఇందుకు ప్రత్యేక నిధులు గానీ, ఉన్నతస్థాయి కమిటీ గానీ అవసరం పడలేదని గమనించాను.

తర్వాత దవాఖానా. డాక్టరమ్మ ఫారం ముందు పెట్టుకుని మూడు ప్రశ్నలు అడిగింది. ఘటన తర్వాత స్నానం చేశారా? బట్టలు మార్చుకున్నారా? ఆ బట్టలు ఉతికారా? మూడింటికీ నేనే అవును అన్నాను. ఆమె వరుసగా మూడు టిక్కులు పెట్టింది. గాయాలు ఉన్నాయి, అవి రాస్తాను, దొరికినంతవరకు శాంపిళ్లు తీస్తాను అని గీతికతో చెప్పింది. నా వైపు తిరిగి మాత్రం, ఎవరు చెప్పారండీ ఉతకమని, అంది.

ఇక్కడ నా ఉద్యోగం ఏమిటో వెల్లడించవలసి ఉంది. మందుల కంపెనీలో శాంపిల్‌ను ఎవరు తాకాలి, ఎవరు తాకరాదు, ఏ సంచిలో పెట్టాలి, సీల్ మీద ఎవరు సంతకం చేయాలి అనే నియమాలు రాయడం నా ఉద్యోగం. అందుకు జీతం ఇస్తారు. గ్లవ్స్ లేకుండా సీసా పట్టుకున్నాడని పోయిన నెల ఒక సీనియర్ కెమిస్టుకు మెమో ఇచ్చాను. ఆయన కంటతడి పెట్టినా వెనక్కి తీసుకోలేదు.

నిన్న సాయంత్రం నా చెల్లెలి చుడీదార్‌కు రెండు చెంచాల సబ్బు పొడి వేశాను. ఒక చెంచా చాలదనిపించింది.

13 నవంబర్. సాయంత్రం 6.00

ఎఫ్ఐఆర్ నకలు ఇచ్చారు. ఉచితంగా. నిబంధన ప్రకారం.

ఎనిమిదవ గడి: ఫిర్యాదు చేయడంలో ఆలస్యానికి కారణం. అందులో ఇలా ఉంది: “బాధితురాలు మానసిక ఆందోళనలో ఉండి, కుటుంబ సభ్యులతో సంప్రదించి మరుసటి దినము ఫిర్యాదు చేసినందున ఆలస్యమైనది.”

ఫిర్యాదు అందిన సమయం 12వ తేదీ ఉదయం 10.25 అట.

కుటుంబ సభ్యులు అనగా నేను. సంప్రదింపులు అనగా పెరుగన్నం.

ఇలాంటి ఒక్క వాక్యం కోర్టులో ఎన్నేళ్లు పనిచేస్తుందో నాకు తెలుసు. ఆ పంతొమ్మిది గంటలు ఏం సంప్రదించుకున్నారమ్మా, ఎవరు నేర్పించారు, ఎంత అడుగుదామనుకున్నారు అని ఎదుటి లాయర్ ఎంతో మర్యాదగా అడుగుతాడు.

నేను దాచేలోపే గీతిక చదివేసింది. అడిగింది, అక్కా, నేను లేటుగా వెళ్లానా అని.

కాదు అనడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఆ క్షణం ఆలస్యం పూర్తిగా నాది.

14 నవంబర్

సోమవారం మేజిస్ట్రేట్ ముందు స్టేట్‌మెంట్. గీతిక వెళ్లనంటోంది. ఆ మేజిస్ట్రేట్ మేడం చేతిలో కూడా ఇదే కాగితం ఉంటుంది కదక్కా, ఇంట్లో కూర్చుని ఆలోచించుకుని వచ్చానని ముందే రాసేశాక నేను చెప్పేదేముంది అంటోంది.

వెళ్లకపోతే కేసు అక్కడే నీరుగారిపోతుంది.

15 నవంబర్, శనివారం. మధ్యాహ్నం 1.40

స్టేషన్‌కు ఒక్కదాన్నే వెళ్లాను. తేజేష్ ఫోన్ స్విచాఫ్‌లో ఉందని, అతను పారిపోయాడంటున్న బెంగళూరుకు టీమ్‌ను పంపామని ఎస్ఐ సుధీంద్ర చెప్పాడు. నేను ఎనిమిదవ గడి చూపించాను.

అది స్టాండర్డ్ లైన్ మేడం అన్నాడు. ఇంతకుముందు మూడు కేసుల్ల గూడ అదే ఉంది, కంప్యూటర్ ఆపరేటర్ కాపీ పేస్ట్ చేస్తడు, టెన్షన్ తీసుకోవద్దు అన్నాడు. ఎంత డీసెంట్‌గ ఉందో మీరే చూడండి, పాప మీద ఒక్క మాట పడలేదు అన్నాడు. మేము పదకొండో తేదీనే వచ్చాం, మీవాళ్లే పంపించేశారు, అది రాయండి అన్నాను. ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. డిపార్ట్‌మెంట్ లేట్ చేసిందని డిపార్ట్‌మెంటే ఎట్ల రాసుకుంటది మేడం అన్నాడు.

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. పరిపాలనా శాస్త్రంలో రెండేళ్లు చదివిన నేను దీనికి జవాబు ఏ సెమిస్టర్‌లో చెప్పారో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను.

బయట వరండాలో బసవరాజు ఎదురొచ్చాడు. బిడ్డ మంచిగ తింటున్నదా అమ్మా అని అడిగాడు. ఆ మాటలో కపటం లేదు. అందుకే ఆగాను. ఆ స్నానం వల్ల సాక్ష్యం పోయిందండీ అన్నాను. ఆయన ముఖంలోకి తప్పు చేసిన భావం వస్తుందని ఎదురుచూశాను. ఆశ్చర్యం వచ్చింది. తానం చెయ్యకుంటె ఎట్లమ్మా, ఆడపిల్ల రాత్రంత గట్లనే పండుకుంటదా అన్నాడు.

ముప్పై అయిదేళ్ల సర్వీసు. ఇంతవరకు ఎందరిని స్నానానికి పంపారని అడగబోయి ఊరుకున్నాను. లెక్క చెబుతాడేమోనని భయం వేసింది.

16 నవంబర్, ఆదివారం. ఉదయం 11.00

సారలమ్మ వచ్చింది. యూనిఫారం లేదు. నీలం చీర, చేతిలో కూరగాయల సంచి. నాచారం మార్కెట్‌కు వచ్చిన, గిట్లనే పోతున్న అంది. మాది నాలుగో అంతస్తు. లిఫ్ట్ పనిచేయడం లేదు. గిట్లనే పోతున్నవాళ్లు ఎక్కే మెట్లు కావు అవి.

గీతిక గదిలోంచి బయటికి రాలేదు. తలుపు మాత్రం ఓరగా తెరిచి ఉంది.

టీ తాగుతూ సారలమ్మ చెప్పింది. స్టేషన్‌కు ఎవరొచ్చినా కౌంటర్ రిజిస్టర్‌లో రాయాలి. మొన్న మంగళారం మీరొచ్చినప్పుడు గూడ రాసిన మేడం అంది. నాలుగు నలభై రెండుకు వచ్చిన్రు, వచ్చిన పని అన్న గడిల ఆడపిల్ల మీద అత్యాచారం ఫిర్యాదు అని రాసిన, ఐదు ఇరవైకి పోయిన్రు. ఆ బుక్కు ఆడనే ఉన్నది, పేజీలకు నంబర్లున్నయ్, జడ్జి మేడం అడిగితే తేకుంట ఉండనీకి రాదు అంది.

మీ పేరు చెప్పవచ్చా అన్నాను. అమ్మో వద్దు మేడం, నాకు ఇంక పదేండ్ల సర్వీసున్నది, యాడికో ఏస్తరు అంది. కప్పు కింద పెట్టింది. చీర కొంగుతో టేబుల్ మీద పడ్డ టీ చుక్క తుడిచింది. చాలాసేపు తుడిచింది. అప్పుడు అంది, చెప్పుండ్రి, ఏం గాదు. తానం జేసి రాండ్రి అని సార్ అంటుంటె నేను ఇన్న. వద్దు అని నాకెరికే. ట్రైనింగ్‌ల చెప్పిన్రు. కౌంటర్ల నుంచి లేవలే.

నాకూ ఎరుకే అన్నాను. మా ఇద్దరి మధ్య కూరగాయల సంచిలోంచి బెండకాయలు కనిపిస్తున్నాయి. ఇద్దరమూ వాటినే చూశాం.

గదిలోంచి గీతిక గొంతు. ఎన్ని గంటలకు అన్నారు, మళ్లీ చెప్పండి, అంది.

17 నవంబర్, సోమవారం. ఉదయం 10.50. కోర్టు వరండా

గీతిక లోపల ఉంది. తలుపు వేశారు. వచ్చే దారిలో స్టేషన్ దగ్గర ఆపించి, లోపలికి వెళ్లి ఒక కాగితం ఇచ్చింది. నన్ను బండి దగ్గరే ఉండమంది. రాసింది తనే. నేను ఒక్క మాట కూడా దిద్దలేదు. నకలు:

డిమాండ్ నం. 1: ఎఫ్ఐఆర్ ఎనిమిదవ గడిలో రాసింది నిజం కాదు. నేను 11వ తేదీ సాయంత్రం 4.42కు మీ దగ్గరికి వచ్చాను. 5.20కి మీరు నన్ను పంపించేశారు. నేను ఆలస్యం చేయలేదు. అలాగే రాయాలి. దిద్దడం కుదరదంటే ఈ కాగితాన్ని దానికి జతచేసి కోర్టుకు పంపాలి.

గీతిక

అందినది. ఇన్‌వర్డ్ నం. 1143. ఉదయం 9.06.
సం/- సారలమ్మ, హెడ్ కానిస్టేబుల్