బొటనవేలి ఆకారంలో తుప్పు

మార్చి 4

పెట్టె తెరిచాను. మళ్లీ తుప్పు.

స్టెయిన్‌లెస్ అని పేరే గానీ, ఉప్పు ముందు ఆ పేరు ఎన్నాళ్లో నిలవదు. అందుకే రేకు మీద వెంట్రుకలో పదో వంతు మందాన మా రెసిన్ పూత. సాల్ట్ స్ప్రే పెట్టెలో పది రోజులు ఉప్పు పొగలో నానిన ఆరు రేకుల్లో ఐదు అద్దాల్లా ఉన్నాయి. ఆరోదాని మూల, పూత కింద, గోధుమరంగు మచ్చ. ఆరుకి ఆరూ నెగ్గితేనే పాస్. ఐదున్నా సున్నా కిందే లెక్క.

పూత తప్పు కాదు. పూతదే అయితే ఆరూ పోవాలి కదా.

మార్చి 5, ఉదయం 11

కొత్త బ్యాచ్. బాబాయి రేకులు కడిగి ఆరబెట్టాడు. నా బాబాయి కాదు, ల్యాబంతటికీ బాబాయి. ఇరవై రెండేళ్లుగా రేకులు కడగడమే ఆయన పని. నీళ్లు బొట్లు కట్టకుండా పరుచుకుంటేనే రేకు శుభ్రమైనట్టట. ఒక్క బొట్టు నిలిచినా మళ్లీ మొదటి నుంచి కడుగుతాడు. చాదస్తం.

ఆరడానికి పది నిమిషాలు. తర్వాత రెసిన్‌లో ముంచడం, ఓవెన్‌లో పెట్టడం నా వంతు. ఈలోపు ఇది రాస్తున్నాను. గ్లవ్స్‌తో పెన్ను జారుతోందని తీసేశాను. కిందటేడు రేకు అంచుకి తెగిన బొటనవేలు ఇంకా సలుపుతోంది. టైమర్ మోగింది. నంబర్లు చూసి రేకులు వరస పెట్టాలి.

మార్చి 15

ఐదు బాగున్నాయి. ఒకటి పోయింది. తల ప్రాణం తోకకొచ్చింది.

మచ్చని లెన్స్ కింద పెట్టాను. అలికినట్టున్న సన్న గీతలు. వేలిముద్ర. కడిగిన రేకును ఎవరో ఒట్టి చేత్తో ముట్టుకున్నారు. చెమటలో ఉన్న ఉప్పు చాలు, పూతను అడుగు నుంచి లేపేయడానికి.

కడిగేదెవరు? గ్లవ్స్ బిగుతని సణిగేదెవరు? నేను వేలిముద్ర మాట ఎత్తగానే బాబాయి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

మార్చి 16

బాస్ రిపోర్టు అడిగాడు. బాబాయి పేరు రాసిచ్చాను. ఆయన కాంట్రాక్టు ఈ నెలాఖరుకి రెన్యువల్‌కి వస్తుందట. అయితే నన్నేం చేయమంటారు?

ఇంటికొచ్చి చెబితే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాదు కదా అని అడిగింది అత్తయ్య. ఆవిడకి కెమిస్ట్రీ ఏం తెలుసని. భోజనం మధ్యలోంచి లేచిపోయాను.

మార్చి 17

బాబాయిని గోడౌన్‌కి మార్చారు. నెలాఖరు దాకా అక్కడ, ఆ తర్వాత రావక్కర్లేదట. పోతూ పోతూ తన స్పిరిట్ గుడ్డ ఉతికి సింక్ మీద ఆరేశాడు. అది నాకెందుకో.

మార్చి 18

ఇక కడగడం కూడా నా నెత్తినే. కడిగాను, ఆరబెట్టాను, రాస్తున్నాను. గ్లవ్స్ మళ్లీ వేసుకోవాలి. టైమర్ అప్పుడే మోగుతోంది.

మార్చి 28, మధ్యాహ్నం 3

ఆరింట్లో నాలుగు పోయాయి.

ముద్రలు ఈసారి స్పష్టంగా ఉన్నాయి. నాలుగింటిలోనూ గీతలను అడ్డంగా కోస్తూ ఏటవాలుగా ఒక ఖాళీ. నా బొటనవేలి గాటు. వేలు కూడా లెన్స్ కింద పెట్టి చూసుకున్నాను, చూడకుండానే తెలిసినా.

గోడౌన్‌కి వెళ్లాను. మరి ఇదివరకు ఐదేసి ఎలా బాగున్నాయని బాబాయిని అడిగాను. రాసుకుని లేచి నేను ఒట్టి చేతులతో రేకులు వరస పెట్టడం ప్రతి బ్యాచ్‌కీ చూసేవాడట. రెసిన్ కలపడానికి అటు తిరగ్గానే స్పిరిట్ గుడ్డతో అన్నీ తుడిచేసేవాడట. చూపు ఆనక ఒక్కోసారి ఒకటి తప్పిపోయేదట.

ముందే చెప్పి చావొచ్చు కదా అన్నాను, కోపంగానే. పదిమందిలో ఆడపిల్లను చిన్నబుచ్చడం ఎందుకులే అనుకున్నాడట.

సిగ్గుతో తల తీసేసినట్టయింది.

మార్చి 29

ఇంకో రిపోర్టు ఇచ్చాను. తప్పు నాదని రాసి, సంతకం పక్కన సిరాతో బొటనవేలి ముద్ర వేసి, రేకు ఫోటో జత చేశాను. బాస్ విసుక్కున్నాడు. చూస్తానన్నాడు.

మార్చి 31

బాబాయిని తీసేసే కాగితం పైకి వెళ్లిపోయిందట, ఇక బాస్ చేతిలో లేదట. బాబాయి సాయంత్రం వెళ్లిపోయాడు.

గ్లవ్స్ వేసుకునే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. రానీ.