నేనొచ్చేదాకా పడుకోకు

చిలకా, అన్నం మూతపెట్టి ఉంది, వేడిచేసుకుని తిను. నేను మందుల షాపుకి వెళ్తున్నాను. వచ్చేదాకా పొరపాటున కూడా కునుకు తీయకు.

చదివి పడుకుంటే చదివింది మనసులో నిలుస్తుందని నీ సైకాలజీ పాఠం చెబుతోంది కదా. నిన్న మధ్యాహ్నం నువ్వు పుస్తకం మీదే పడుకుని అదే పాఠం కలవరిస్తుంటే, తమాషాకి "పాత బీరువా తాళంచెవి ఎక్కడే?" అని అడిగాను. "కుట్టుమిషను సొరుగు వెనకాల" అన్నావు. చూస్తే అక్కడే ఉంది. దాచిన మీ నానమ్మ నువ్వు పుట్టకముందే పోయింది. మరి చదవనిది ఎలా నిలిచిందో మీ లెక్చరర్‌ని అడుగు.

బీరువా తెరవలేదు. తాళంచెవి తీసినచోటే పెట్టేశాను.

అన్నట్టు, నిద్రలో నువ్వు నన్ను అమ్మా అనలేదు, "కోడలుపిల్లా" అన్నావు. అత్తగారు ఒకసారి చాలు. నాకు కూతురే కావాలి.