గువ్వమ్మ తర్వాతి గంట

ప్రియమైన అక్కకి,

ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనివ్వవు, అందుకే కాగితం పట్టుకున్నాను. ఇక్కడైతే నా మాటకి అడ్డు రాలేవు కదా.

ఈ పరాయి దేశంలో నేను బాగానే ఉన్నాను. రోజంతా లిఫ్టులు బాగుచేయడమే పని. చీకటి గొట్టంలో వేలాడుతూ తీగలకి నూనె పూస్తుంటాను. జనాన్ని పైకి పంపేదీ నేనే, కిందికి దించేదీ నేనే, నేను మాత్రం ఎక్కడా దిగను. ఆదివారం ఒక్కరోజే మనిషినవుతాను. మా సంఘం బస్సు డిపో మీది హాల్లో కూడుతుంది. ఎన్ని దేశాలవాళ్లు వస్తారో చెప్పలేను. ప్రభువు ప్రార్థన ఎవరి భాషలో వాళ్లం ఒకేసారి చెబుతాం. మొదట సంత గోలలా ఉంటుంది. కళ్లు మూసుకుంటే కాసేపటికి దూరంగా వాన పడుతున్నట్టు ఉంటుంది. ఎవరూ చెప్పకుండానే అందరం ఇంచుమించు కలిసే ఆమేన్ దగ్గరికి చేరతాం.

అసలు సంగతికి వస్తాను. మా సంఘాలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. అన్నీ కలిసి గొలుసు ప్రార్థన చేస్తున్నాయి. ఒక్కొక్కరిది ఒక్కో గంట. తన గంట అయిపోగానే తర్వాతి మనిషికి ఫోన్ చేసి అప్పగించాలి. భాషలు కలవవు కాబట్టి మాటలుండవు. దానికో రాగం ఉంది. అప్పగించేవాళ్లు మొదటి వరస కూనిరాగం తీస్తే, అందుకునేవాళ్లు రెండో వరస తీస్తారు. మీ దగ్గర మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చే గంటకి ఎవరూ దొరకలేదు. నీ పేరిచ్చాను.

తిట్టు, పడతాను. బావ పోయాక నువ్వు చర్చి మెట్టెక్కలేదని, ఒక్క పాటకీ నోరు విప్పలేదని నాకు తెలుసు. నిన్ను ప్రార్థన చేయమనడం లేదు. ఫోన్ ఎత్తు, గంటయ్యాక ఇంకొకరికి చెయ్యి, చాలు.

ప్రేమతో, తిట్లకి సిద్ధంగా,
నీ తమ్ముడు

*

ప్రియమైన చంటికి,

నెత్తిన జుట్టు పలచబడుతున్నా నీకు బుద్ధి రాలేదు. పేరిచ్చేశాక అడగడం ఏమిట్రా? పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు ప్రార్థనకి నన్ను వెంటేసుకెళ్తావా?

ఇక్కడ కుట్టాల్సిన బట్టలు కొండలా పడి ఉన్నాయి. ఊపిరాడితే ఒట్టు. అదలా ఉంచు. బావ పోయాక దేవుడికీ నాకూ మాటల్లేవు. పోట్లాట కూడా లేదు. ఎదురింటివాళ్లతో మాటలు పోతే, కనబడతారేమోనని తలుపు తీయడం మానేస్తాం చూడు, అలా.

అయినా ఎవరో దేశం కాని దేశంలో ఫోన్ పట్టుకుని నాకోసం ఎదురుచూస్తుంటే ఎత్తకుండా ఉండడానికి నేనేం రాక్షసిని కాను. ఎత్తుతాను. "ఊఁ" అంటాను. కూనిరాగాలూ గీనిరాగాలూ నా వల్ల కాదు.

వేళకి తిను. ఆ గొట్టాల్లో జాగ్రత్త.

అక్క

*

ప్రియమైన చంటికి,

నవ్వుకుంటావని ఇన్నాళ్లూ రాయలేదు. ఇప్పుడు నవ్వుకున్నా ఫరవాలేదు.

రోజూ నాకు గంట అప్పగించే ఆవిడకి గువ్వమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆ గొంతు అలా ఉంటుంది మరి. పెద్దావిడే. అక్కడ అప్పుడే తెల్లవారుతుందనుకుంటాను, వెనక కోడి కూస్తుంది, పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తుంది. నా గదిలోనేమో ఎండ కిటికీలోంచి దిగి బట్టల మీద పడుకుని ఉంటుంది. ఆవిడ పొద్దు మెల్లగా నా మధ్యాహ్నంలోకి జారినట్టు ఉంటుంది. మొదట్లో నేను "ఊఁ" అనేదాన్ని. ఆవిడ నవ్వి, మళ్లీ మొదటి వరస తీసేది. ఎన్నాళ్లని ఊఁ కొడతాం? ఒకరోజు నాకు తెలియకుండానే రెండో వరస వచ్చేసింది.

ఆ గంటసేపు మిషన్ ఆపేస్తాను. ఊరికే కూర్చోలేక, కొక్కేలకి వేలాడే బట్టల్ని తాకుతూ ఏది ఎవరిదో చెప్పుకుంటాను. ఈ చొక్కా ఇంటర్వ్యూకి వెళ్లే ఆయనది, ఈసారైనా ఉద్యోగం రావాలి. ఈ గౌను దగ్గుతో నిద్రపోని పాపది. ఈ ప్యాంటు ఆయన నడుము బిగించమని మాటిమాటికీ తెస్తున్నాడు, ఏం జబ్బోనని అడగలేకపోయాను. ఎవరికి చెబుతున్నావని మాత్రం నన్నడక్కు. ఎండలో దూది నలుసులు తేలుతుంటాయి. బట్టల్లోకి మనుషులే వచ్చి నిలబడి వింటున్నట్టు ఉంటుంది.

గంటయ్యాక, తర్వాతి గంట అందుకునే లారీ ఆయనకి ఫోన్ చేస్తాను. ఏ దేశం రోడ్డు పక్కనో బండి ఆపుకుని ఉంటాడు. రెండో వరస రోజూ తప్పే తీస్తాడు, రోజూ ఒకే చోట తప్పుతాడు. అది వినకపోతే నాకిప్పుడు పొద్దు గడవదు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

కొన్నాళ్లుగా గువ్వమ్మ నుంచి నీకు ఫోన్ రావడం లేదు కదా. ఆవిడ ఆసుపత్రిలో ఉంది. ఇంక చేసేదేమీ లేదన్నారట.

ఆవిడ కూతురు సంఘానికి కబురు చేసింది. అమ్మ ఎవరినీ గుర్తుపట్టడం లేదట. కానీ నీకు ఫోన్ చేసే వేళయ్యేసరికి చెయ్యి ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఎదురుచూస్తోందట. "రోజూ అమ్మతో రాగం కలిపే ఆవిడ కాస్త పాడతారా? నేను ఫోన్ చెవి దగ్గర పెడతాను" అని అడిగింది. నంబరు కింద రాశాను.

ఏం అడుగుతున్నానో నాకు తెలుసు. ఫోన్లో అడిగితే కోపంలో వద్దంటావు, తర్వాత నీకే బాధ. కోపం దిగాక ఆలోచించుకో. వద్దన్నా నువ్వు నా అక్కవే.

చంటి

*

చంటీ,

ఆలోచించడానికేమీ లేదు. నేను పాడను.

బావ మంచం దగ్గర ఎవరు పాడారు? సంఘమంతా ప్రార్థన చేసింది, ఉపవాసాలున్నారు, నేను ఆయన చెయ్యి పట్టుకుని గొంతు పోయేదాకా పాడాను. ఉంచు ప్రభువా, ఉంచు ప్రభువా అని ప్రతి చరణంలోనూ అడిగాను. చరణం మధ్యలో నా చేతిలో చెయ్యి వదులైపోయింది. నేను పాడుతూ ఉండగానే పోయాడు. నువ్వు లేవు అప్పుడు. నేనున్నాను.

ఆవిడ ఫోన్ రాని రోజు నుంచి రెండు వరసలూ నేనే తీసుకుని లారీ ఆయనకి అందిస్తున్నాను. అది వేరు. ఇంకో మనిషిని నా పాటతో సాగనంపమంటే నా వల్ల కాదు. ఆ కూతురికి క్షమించమని చెప్పు.

అక్క

*

ప్రియమైన చంటికి,

ఆ ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికొచ్చాను. వేళయింది. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఉంటుందన్నావు. ఒక మనిషి ఎదురుచూస్తోందని తెలిశాక ఇవతల నేను బొత్తాలు కుట్టుకుంటూ కూర్చోలేకపోయాను. ఫోన్ చేశాను.

మొదట కూనిరాగమే తీశాను. తర్వాత మన చిన్నప్పటి పాటలన్నీ వచ్చాయి, సగం మాటలు మర్చిపోయినవి కూడా. ఈసారి దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఆవిడకి తోడుగా పాడానంతే. అలా కొన్ని రోజులు పాడాను. అక్కడి తెల్లవారుజామూ ఇక్కడి ఎండా కలిసిపోయి, ఆ గదిలోనే ఓ మూల కుర్చీలో కూర్చున్నట్టు ఉండేది నాకు. మొన్న పాట మధ్యలో అవతల ఆవిడ ఊపిరి చప్పుడు ఆగిపోయినట్టు తెలిసింది. భయపడ్డాను. కానీ ఆపలేదు, చివరిదాకా పాడాను.

నిన్న కూతురు మన భాష తెలిసిన ఒకావిణ్ణి లైన్లో పెట్టుకుని మాట్లాడింది. "అన్ని రోజులూ అమ్మ భయంతో నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకునేది. మీరు పాడుతుంటే మాత్రం చెయ్యి వదులయ్యేది. వెళ్లిపోయేటప్పుడూ చెయ్యి అలాగే వదులుగా ఉంది, నిద్రలో పట్టుకున్నట్టు" అంది.

చంటీ, నేను గోడకి ఆనుకుని ఏడ్చాను. బావ చెయ్యీ అలాగే వదులైంది. పాట ఎవరికీ వినిపించలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. బావ విన్నాడురా. ఆయనకి భయం పోయింది. ఆ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే కాదు, దేవుడూ ఉన్నాడు.

బావని ఉంచలేదన్న బాధ నాకింకా ఉంది. ఆ సంగతి దేవుడికి మొహం మీదే చెప్పాను. మాటలు మొదలయ్యాయి మరి, ఇక నా మాటలు ఆయన పడాలి. ఇవాళ ఆదివారం, చర్చికి వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. పాస్టరుగారి భార్య కొంచెం జరిగి చోటిచ్చింది. గువ్వమ్మ గంట ఇప్పుడు కూతురు తీసుకుంది.

ఇంకో సంగతి. పక్కవీధి ఆసుపత్రిలో పెద్ద నర్సుని కలిశాను. చూడడానికి ఎవరూ రాని రోగుల దగ్గర కూర్చుంటానన్నాను. "మీరేం చేయగలరమ్మా?" అంది. "అడిగితే పాడతాను, వద్దంటే ఊరికే కూర్చుంటాను" అన్నాను. రేపటి నుంచి రమ్మంది. కుట్టు దుకాణం పొద్దుటి పూట మూసేస్తున్నాను, నవ్వకు. మొదటి మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడట. ఎవరితోనూ మాట్లాడడట, దగ్గరికెళ్తే పళ్లెం విసిరేస్తాడట. నాలాంటివాడే. పెందలాడే వెళ్లాలి, ఇంక పడుకుంటాను.

నీ అక్క